నవ్వుతూ మోసిన కంకర మూటలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పుల్లన్న అనే ఎద్దు కుడితి తొట్టిలో మూతి పెట్టాడు. రెండు గుక్కలు తాగి తల ఎత్తాడు. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఇంటివైపు కాదు, నేలవైపు చూస్తున్నారు.

"కపిలా, ఎవరో మన మట్టిని చూస్తున్నారు," అన్నాడు భార్యతో.

కపిల కొట్టంలోంచి మెడ చాపి చూసింది. ఆమె ఆవు. ఒకసారి చూసిన మొహం మరిచిపోదు, ఒకసారి విన్న మాట నమ్మదు.

"నక్క," అంది. "మన మట్టిలో దానికేం పని?"

"దారి పక్కన నిలబడ్డాడు, అంతేగా."

"దారి పక్కన నిలబడినవాడు దారి చూస్తాడు. వీడు కొలుస్తున్నాడు. చూడు, అడుగులు లెక్కపెడుతున్నాడు."

నిజమే. నక్క గేటు అవతల నుంచే పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

తుమ్మలపాయ ముప్పై ఇళ్ల ఊరు. ఒకవైపు చేలు, ఇంకోవైపు అడవి. ఊళ్లో బరువేదైనా సంతకు పోవాలన్నా, సంత నుంచి రావాలన్నా పుల్లన్న బండే పోవాలి. పుల్లన్న కొట్టం ఎత్తు మీద ఉంది. గేటు పల్లంలో ఉంది. మధ్య నలభై అడుగుల నల్లరేగడి నేల. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం జిగురు బురదవుతుంది. పోయిన వానాకాలంలో తొమ్మిది బస్తాల కందులతో దిగుతూ పుల్లన్న అక్కడే జారి పడ్డాడు. కుడి ముందుకాలి మోకాలు గుమ్మడికాయంత వాచింది.

కొంగ వైద్యుడు వచ్చి, ముక్కుతో నొక్కి చూసి, ఒక్క మాట చెప్పి వెళ్లాడు. "ఈసారికి నయమవుతుంది. ఇంకోసారి ఇదే మోకాలి మీద పడితే మాత్రం బండి మాట మరిచిపో."

బండి లాగలేని ఎద్దుకు ఆ ఊళ్లో వేరే పని లేదు. పనిలేని ఇంటికి మేత రాదు. అందుకే ఈ ఎండాకాలం పోకముందే గేటు నుంచి కొట్టం దాకా రాళ్ల బాట వేయించాలని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. రోహిణి కార్తె నడుస్తోంది. మృగశిర రావడానికి పది రోజులుంది.

"బాట సంగతి ఎవరికైనా చెప్పావా?" అంది కపిల.

"ఒక్కరికే. సంతలో పిచ్చుక అడిగితే."

"పిచ్చుకకు చెప్పి ఒక్కరికే అంటావేమయ్యా!"

ఈలోగా నక్క గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. చెవిలో సుద్దముక్క, మెడలో కొలతాడు, తలకు మడత నలగని తువ్వాలు.

"నమస్కారం పుల్లన్నా. నమస్కారం వదినా. నన్ను జంబయ్య మేస్త్రీ అంటారు. బాటలు వేస్తాను. ఇటు పోతూ మీ నేల చూశాను. కాలు కదల్లేదు."

"నేల చూస్తే కాలు కదలకపోవడమేమిటి?" అంది కపిల.

"ఈ నేల ఏడుస్తోంది వదినా. పైకి మట్టిలా కనిపిస్తుంది. మాబోటి వాళ్లకి ఏడుపు వినిపిస్తుంది."

"ఏడ్చి ఏమంటోంది?"

"రాయి అడుగుతోంది." జంబయ్య కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకుండానే. "అదృష్టం చూడండి. ఏటి అవతల ఒక పని నిన్ననే ముగించాను. నాపరాళ్లు మిగిలాయి. వెనక్కి మోసుకుపోవడం నాకు బరువు. మీకు వేసేస్తే నాకు మోత తప్పుతుంది, మీకు బాట దొరుకుతుంది. మూడు రోజుల పని. ఆరు బస్తాల వేరుశనక్కాయలు ఇప్పించండి చాలు."

"ముందు ఎంత ఇవ్వాలి?"

"ఏమీ వద్దు వదినా. పని అయిన సాయంత్రమే ఇవ్వండి. మర్నాడు పొద్దున్నే నేను వేరే ఊరు పోవాలి."

కపిల పుల్లన్నవైపు చూసింది. ముందు అడిగేవాణ్ణి ఆమె నమ్మదు. ముందు అడగనివాణ్ణి అసలే నమ్మదు.

"చూసి చెబుతాం," అంది.

అదే రోజు మధ్యాహ్నం పుల్లన్న కాలవగట్టు నుంచి యలమందను పిలిపించాడు. యలమంద పందికొక్కు. బాటల పని అతనికీ వచ్చని ఒక మేక చెప్పింది. అతను వచ్చి ఎవరికీ నమస్కారం పెట్టలేదు. గేటు దాటగానే గోరు నేలలో గుచ్చి, మట్టి తీసి, వాసన చూసి, నలిపి, పారేశాడు.

"రేగడి," అన్నాడు. "అడుగున్నర తీసెయ్యాలి."

"తవ్వుతావా?" అంది కపిల. ఆ మాట అంటూనే ఆమె కళ్లు కొట్టం పక్కనున్న గింజల గాదెవైపు పోయాయి. యలమంద ఆ చూపు చూశాడు. ఏమీ అనలేదు.

"తవ్వాలి అక్కా. తవ్వి, మొరం పోసి, దిమ్మిసతో కొట్టి, దాని మీద కంకర, మళ్లీ దిమ్మిస, అప్పుడు ఇసుక, అప్పుడు రాయి. నీళ్లు కంచెవైపు పోయేటట్టు వాటం పెట్టాలి."

"ఎన్నాళ్లు?"

"పద్దెనిమిది రోజులు. ఎనిమిది బస్తాలు. మధ్యలో ఒక వాన పడాలి."

"వాన పడాలా?" పుల్లన్న తోక ఆడించడం ఆపాడు. "వాన పడేలోపు బాట కావాలనే కదా నిన్ను పిలిచింది!"

"వాన పడితేనే కంకర కూర్చుంటుంది అన్నా. కూర్చోకముందు రాయి వేస్తే, రాయి వేశాక కూర్చుంటుంది. అప్పుడు రాయి కూడా దానితోపాటే పోతుంది."

"సరే, చూసి చెబుతాం," అంది కపిల, మళ్లీ అదే మాట. అతను వెళ్లాక గాదె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "అడుగున్నర లోతట! మన గాదె పక్కనే! వాడికి బాట కావాలా, సొరంగం కావాలా?"

"ఎనిమిది బస్తాలు కూడా."

"బస్తాల మాట వదిలెయ్. పందికొక్కు వచ్చి నీ ఇంట్లో తవ్వుతానంటే సరేనన్న ఇల్లు ఎక్కడైనా ఉందా?"

మర్నాడు జంబయ్య తను వేసిన బాటలు చూపిస్తానని ఇద్దరినీ పక్క ఊరికి బయల్దేరదీశాడు.

మొదటిది కోతి అంజయ్యది. జామచెట్ల మధ్య మంచి ఇల్లు. గేటు నుంచి వసారా దాకా పాతిక అడుగుల బాట, నున్నటి రాళ్లు, పైన చుక్కల ముగ్గు. అంజయ్య పక్క గోడ మీద నుంచి పరుగెత్తుకొచ్చి, జామకొమ్మ అందుకుని, ఊగి వసారా కమ్మీ మీద దిగాడు.

"జంబయ్యా! రావయ్యా. వేసి రెండేళ్లయింది పుల్లన్నా, ఒక్క రాయి కదిలిందేమో చూడు!"

"వానాకాలంలో ఎలా ఉంటుంది?" అన్నాడు పుల్లన్న.

"వానాకాలంలో ఇంకా బాగుంటుంది. మెరుస్తుంది."

పుల్లన్న కాలు ముందుకు పెట్టబోయాడు. జంబయ్య అడ్డం వచ్చాడు. "అయ్యో అన్నా! ముగ్గు! ఇంటి ఆడవాళ్లు కష్టపడి వేసుకున్నారు."

పుల్లన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. మర్యాద తెలిసినవాడు.

రెండోది నెమలి ఇల్లు. నెమలి కూడా మెచ్చుకుంది. మెచ్చుకుని ఎగిరి పిట్టగోడ మీద వాలింది.

మూడోది ఊరి చివర, గేటుకు తాళం వేసిన ఇల్లు. "ఇది గేదె నాగరత్తమ్మగారిది. పుట్టింటికి పోయారు. నెల దాకా రారు," అన్నాడు జంబయ్య. "ఐదేళ్ల కింద వేశాను. కమ్మీల్లోంచి చూడండి."

పుల్లన్న కమ్మీల్లోంచి చాలాసేపు చూశాడు. రాళ్ల మీద రెండు గీతలు ఉన్నాయి, బండిచక్రాలు పోయి పోయి నున్నగా అరిగిన గీతలు. రెండు గీతలూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఎక్కడా రాయి లేవలేదు, ఎక్కడా కుంగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బండి లాగుతున్నవాడికి ఆ గీతల కంటే పెద్ద సాక్ష్యం లేదు.

"ఇది పని," అన్నాడు మెల్లగా.

"నా పని," అన్నాడు జంబయ్య.

ఇంటికి వస్తూ కపిల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. గేటు దగ్గర అంది, "మూడోదానికే తాళం ఎందుకుందో."

"పుట్టింటికి పోతే తాళం వెయ్యరా? నీకు అన్నీ అనుమానాలే. మృగశిరకు ఎన్నాళ్లుంది? తొమ్మిది. ఆ పందికొక్కు చెప్పింది పద్దెనిమిది. పడితే పడేది నా మోకాలు కపిలా, నీది కాదు."

ఆమెకు ఆ మాట తగిలింది. సరే అంది.

మర్నాడు ఉదయమే జంబయ్య, అతని తమ్ముళ్లు ముగ్గురు, పని మొదలుపెట్టారు. సుద్దతో గీత గీశారు. పై మట్టి నాలుగు వేళ్ల లోతు గీకి పక్కకు తోశారు. తర్వాత మూటలు దిగాయి. జంబయ్య మొదటి మూట విప్పి పుల్లన్న ముందు కుమ్మరించాడు. నల్లటి, పదునైన కంకర. పుల్లన్న ఒక రాయి నాలుకతో తడిపి చూశాడు. మంచి కంకర.

"ఇలాంటివి ఇంకా ముప్పై తొమ్మిది మూటలు అన్నా. మీరు పోయి నీడన పడుకోండి. ఎండలో మీకెందుకు?"

పుల్లన్న నీడకు పోయాడు కానీ పడుకోలేదు. నెమరు వేస్తూ చూశాడు. నక్క తమ్ముళ్లు గేటు నుంచి మూటలు మోసుకొస్తున్నారు. చిన్నవాడు ఒక మూట భుజాన వేసుకుని, రెండోవాడితో ఏదో హాస్యమాడి, పగలబడి నవ్వుతూ పల్లం నుంచి ఎత్తుకు ఎక్కాడు. రెండోవాడు మూట ఉన్న భుజంతోనే వాణ్ణి పొడిచాడు. ఇద్దరూ మళ్లీ నవ్వారు.

పుల్లన్న నెమరు ఆగిపోయింది.

మధ్యాహ్నం దాకా అలాగే చూశాడు. ముప్పై తొమ్మిది మూటలూ నవ్వుతూనే వచ్చాయి. ఎవరి వెన్నూ వంగలేదు, ఎవరి కాలూ మట్టిలో దిగలేదు. సాయంత్రానికి వాటి మీద ఇసుక పరిచారు, ఇసుక మీద సగం దాకా రాళ్లు పేర్చారు. చూడటానికి చక్కగా ఉంది.

వాళ్లు వెళ్లిపోయాక పుల్లన్న కపిల దగ్గరికి వచ్చాడు.

"కంకర మోసేవాడు నవ్వలేడు," అన్నాడు.

"ఏంటి?"

"నేను మోశాను, నాకు తెలుసు. బరువు మీద ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టాలి. నవ్వాలంటే ఊపిరి వదలాలి. వదిలితే మూట జారుతుంది. ఆ మొదటి మూట కాక, తక్కినవి కంకర కావు."

కపిల చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మరి నేను చూసింది కూడా చెప్పనా? నువ్వు విసుక్కుంటావని నోరు మూసుకున్నాను. కోతి ఇంట్లో ముగ్గు నిన్నటిది కాదు."

"ఎలా తెలుసు?"

"పిండి ఎండి పగుళ్లిచ్చింది. మూడు రోజులదైనా అయి ఉండాలి. గేటుకీ గుమ్మానికీ మధ్య మూడు రోజుల ముగ్గు, ఒక్క చుక్క చెరగలేదు. అంటే ఏమిటి? ఆ బాట మీద ఎవరూ నడవరు. అంజయ్య మనల్ని చూసి ఎలా వచ్చాడు? గోడ మీద, కొమ్మ మీద, కమ్మీ మీద. వాడు చెట్టు మీద పుట్టాడు, చెట్టు మీదే పోతాడు. బాట కదల్లేదంటే ఎందుకు కదులుతుంది? నెమలి సంగతీ అంతే."

పుల్లన్న తల విదిలించాడు. "కానీ మూడోది నిజం కపిలా. ఆ చక్రాల గీతలు అబద్ధం కావు."

"అదే నాకూ అర్థం కావడం లేదు. రెండు దొంగపనులు చేసినవాడు మూడోది అంత బాగా ఎలా చేశాడు?"

"రేపు పొద్దున్నే ఒక రాయి లేపి చూపించమందామా?"

"చూపిస్తాడు. మొదటి మూట కుమ్మరించిన చోట లేపుతాడు. అక్కడ కంకర ఉంటుంది. మనం అనుమానించి అవమానించామని ఊరంతా చెప్పుకుంటాడు." కపిల తోకతో ఈగను కొట్టింది. "పని కానీ. వాడి కూలి మన దగ్గరే ఉంది. అది గేటు దాటాలిగా."

"దాటాలి," అన్నాడు పుల్లన్న. ఇంకో నిమిషానికి అతని మొహం విప్పారింది. "బండి మీద దాటాలి."

మూడో రోజు నాలుగు గంటలకు చివరి రాయి పడింది. జంబయ్య బాట మీద ఇటు నుంచి అటు నడిచాడు, అటు నుంచి ఇటు గెంతాడు. తమ్ముళ్లు చప్పట్లు కొట్టారు. కపిల పిలిచిన ఇరుగు పొరుగు, మేకలూ కోళ్లూ ఒక ముసలి గాడిదా, గేటు బయట చేరి చూస్తున్నారు.

"ఎలా ఉంది వదినా?"

"కంటికి బాగుంది మేస్త్రీ. నీ కూలి సిద్ధంగా ఉంది."

కొట్టం ముందు పుల్లన్న బండి నిలిపి ఉంది. అందులో ఆరు బస్తాల వేరుశనక్కాయలు మూతులు కట్టి ఉన్నాయి. బండికి ఎద్దు కట్టలేదు.

"నువ్వు ఈ ఊరివాడివి కాదు, నీకు తెలియదు," అంది కపిల. "తుమ్మలపాయలో బావి తవ్వినవాడే మొదటి చేద తాగాలి. పందిరి వేసినవాడే మొదట దాని కింద పడుకోవాలి. బాట వేసినవాడి కూలి ఆ బాట మీదుగానే గేటు దాటాలి. దాటినది నీది. దాటనిది మాది. అవునా తాతా?"

"మా నాన్న కాలం నుంచీ అంతే," అన్నాడు ముసలి గాడిద.

జంబయ్య బండిని చూశాడు. బాటను చూశాడు. మళ్లీ బండిని చూశాడు.

"బండెందుకు వదినా! మేం నలుగురం ఉన్నాం. ఒక్కో బస్తా మోసుకుపోతాం. వ్యాయామం."

"నలభై మూటల కంకర మోసి అలిసిపోయారు. నాకు మనసెలా ఒప్పుతుంది?"

"పోనీ ఆ కంచె పక్కగా తోసుకుంటాం. కొత్త బాట, మరకలు పడతాయేమో."

"బాట ఉండగా కంచె పక్కన ఎందుకు మేస్త్రీ?"

గేటు బయట ఒక మేక కిసుక్కుమంది. జంబయ్య నవ్వాడు, కానీ పళ్లు మాత్రమే నవ్వాయి.

"పుల్లన్నని కట్టండి మరి. బండి లాగేది ఆయన కదా."

"నా మోకాలు బాగాలేదు," అన్నాడు పుల్లన్న. "కొట్టం ఎత్తున ఉంది. వెనక నుంచి కాస్త తోస్తే బండి దానంతటదే దిగుతుంది. మీరు నలుగురూ బలమైనవాళ్లు. మొన్న చూశానుగా, నవ్వుతూ మోశారు."

ఆ చివరి మాట పుల్లన్న మామూలు గొంతుతోనే అన్నాడు. జంబయ్య మాత్రం అతనివైపు చాలాసేపు చూశాడు. ఊరంతా చూస్తోంది. ఆరు బస్తాలూ కనిపిస్తున్నాయి. తన బాట మీద తన కూలి పోదంటే ఎందుకు పోదో చెప్పాలి. నక్క తమ్ముళ్లకు సైగ చేశాడు. "మెల్లగా. చాలా మెల్లగా."

నలుగురూ తోశారు. బండి కదిలింది. మొదటి రాయి దాటింది, రెండోది దాటింది. అక్కడిదాకా మొదటి మూట కంకర ఉంది. మూడో రాయి మీదికి కుడి చక్రం ఎక్కగానే అప్పడం విరిగినట్టు చప్పుడైంది. చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. బండి ఒక పక్కకు ఒరిగింది. పగిలిన రాళ్ల సందుల్లోంచి ఇసుకతోపాటు పచ్చగా, తేలిగ్గా ఏదో బుస్సున పైకి లేచి గాలిలో ఎగిరింది.

ఒక కోడి పరుగెత్తుకొచ్చి దాన్ని పొడిచి చూసింది. "వడ్ల ఊక!" అని అరిచింది. "గింజ కూడా లేదు, వట్టి ఊక!"

టైము ఐదు గంటల ఇరవై నిమిషాలు.

"ఆరలేదు," అన్నాడు జంబయ్య. "వారం రోజులు ఆరాలి. మీరు తొందరపడ్డారు."

"నాపరాయి ఆరేదేముంది మేస్త్రీ?" అన్నాడు పుల్లన్న.

"మీ నేలే మంచిది కాదు."

"మొన్న ఏడుస్తోందన్నావు," అంది కపిల. "ఇప్పుడు విను. నవ్వుతోంది."

గేటు బయట నవ్వు మొదలైంది. జంబయ్య ఒరిగిన బండిని ఒకసారి పట్టి చూశాడు. నలుగురు నక్కలతో లేచే బండి కాదది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కొలతాడు చుట్టుకున్నాడు. తమ్ముళ్లతో కంచె పక్కగానే నడిచి వెళ్లిపోయాడు. తను వేసిన బాట మీద మళ్లీ కాలు పెట్టలేదు.

మర్నాడు ఉదయం పుల్లన్న స్వయంగా కాలవగట్టుకు వెళ్లాడు. యలమంద ఇంటి ముందు కూర్చుని దిమ్మిస పిడి చెక్కుతున్నాడు.

"తప్పయింది. వస్తావా?"

"వస్తాను. పద్దెనిమిది రోజులు."

"వాన?"

"పడాలి."

ఇంతకంటే మాటలు జరగలేదు.

యలమంద ఊకంతా ఎత్తి పోశాడు. అది కొట్టంలో పరుపుకు పనికొచ్చింది. అడుగున్నర లోతు తవ్వాడు. అతను తవ్వినన్ని రోజులూ కపిల సాయంత్రం గాదె చుట్టూ జల్లెడతో బూడిద చల్లేది. తెల్లవారి లేచి మొదట ఆ బూడిద చూసుకునేది. ప్రతిరోజూ అందులో తన గిట్టల గుర్తులే ఉండేవి. ఐదో రోజు యలమంద చెక్కపలక మీద నీళ్లు పోసి వాటం చూస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కా, ఆ బూడిద కాస్త ఈ మూల కూడా చల్లు. చీమలు పట్టాయి."

కపిల జల్లెడ తీసుకొచ్చి ఆ మూల బూడిద చల్లింది. ఆ సాయంత్రం నుంచి గాదె దగ్గర బూడిద చల్లలేదు. కానీ పడుకునే ముందు ఒకసారి అటు చూడటం మానలేదు.

మృగశిర రెండో రోజు వాన పడింది. రాత్రంతా పడింది. పొద్దున్నే పుల్లన్న బయటికి వచ్చాడు. కంకర రెండు వేళ్లు కిందికి కూర్చుని ఉంది. నీళ్లు ఎక్కడా నిలవలేదు, కంచెవైపు పోయాయి. యలమంద గుంట అంచున నిలబడి కంకరను తొక్కి చూస్తున్నాడు. అతను నవ్వడం పుల్లన్న మొదటిసారి చూశాడు.

"కూర్చుంది," అన్నాడు యలమంద. "ఇక లేవదు."

పద్దెనిమిదో రోజు రాళ్లు పూర్తయ్యాయి. ఆ వేళ బాగా ముసురు పట్టి ఉంది. పుల్లన్న తొమ్మిది బస్తాల కందులు వేసుకుని, కాడి మెడకెత్తుకుని, కొట్టం దగ్గర నిలబడ్డాడు. కపిల కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. యలమంద బాట పక్కన కూర్చుని రాళ్లవైపే చూస్తున్నాడు. పుల్లన్న కుడికాలు ముందు పెట్టాడు. పది అడుగులు. ఇరవై. పోయినసారి పడిన చోటు వచ్చింది. కావాలనే అక్కడ ఆగాడు. బరువంతా కుడి మోకాలి మీద వేశాడు. వాన చినుకులు రాళ్ల మీద పడి కంచెవైపు జారుతున్నాయి. రాయి కదల్లేదు. కాలు కదల్లేదు. అక్కడి నుంచి గేటు దాకా మామూలుగా నడిచిపోయాడు.

తరువాత యలమంద కూలి కూడా అదే బండిలో, అదే బాట మీదుగా, ఎనిమిది బస్తాలూ గేటు దాటాయి. ఆ ఏడు తుమ్మలపాయలో బాట వేయించుకునే ప్రతి ఇల్లూ ఒక సంగతి గుర్తుపెట్టుకుంది: బాట మంచి చెడ్డలు దాని మీద బరువుతో నడిచినవాణ్ణి అడగాలి, దాన్ని చూసి మెచ్చుకునేవాణ్ణి కాదు.

ఇంకో ఆరు రోజులకు పుల్లన్న తవుడు బస్తాలు దించడానికి పక్క ఊరి చివరికి వెళ్లాడు. ఆ తాళం వేసిన గేటు ఇప్పుడు తెరిచి ఉంది. గేదె నాగరత్తమ్మ పుట్టింటి నుంచి వచ్చేసింది. పుల్లన్న అరిగిన ఆ రెండు గీతల మీదుగా బండి లాగి, బస్తాలు దించి, ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నది అడిగాడు.

"అక్కా, ఈ బాట జంబయ్య వేశాడట కదా?"

"జంబయ్య ఎవరు?" అంది నాగరత్తమ్మ. "ఇది యలమంద వేసింది. ఐదు వానాకాలాలైంది."

తిరుగుదారిలో పుల్లన్న కాలవగట్టు దగ్గర ఆగాడు. నాగరత్తమ్మ బాట నీదేనని మాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"మీరు అడగలేదు," అన్నాడు యలమంద. "నన్ను చూడగానే గాదెవైపు చూశారు."